ఎవరి పూజ ఎవరికి చెత్త?

శ్రీకాళహస్తి పేరు ఎత్తగానే మనవాళ్ళు దాన్ని మూడు ముక్కలు చేసేస్తారు. శ్రీ అంటే సాలెపురుగు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. మూడూ శివుణ్ణి కొలిచి ముక్తి పొందాయి గనుక ఊరికి ఆ పేరు వచ్చిందని మా అవ్వ చెప్పేది. మీ అవ్వా చెప్పే ఉంటుంది. శ్రీ అంటే సిరి అనీ లక్ష్మి అనీ ఎరుగుదుం గానీ, సాలెపురుగు అన్న అర్థం ఈ ఊరి కథలో తప్ప నేనెక్కడా చూడలేదు. చుట్టుపక్కల పల్లెల్లో జనం ఆ ఊరిని ‘కాళాస్త్రి’ అనే అంటారు. 7వ శతాబ్దంలో తమిళ శివభక్తులు పాడిన తేవారం పాటల్లో అది ‘కాళత్తి’. ఊరి పేరే ముందు పుట్టి, దానికి అర్థం చెప్పడానికి కథ తరవాత పుట్టిందేమోనని నా అనుమానం. పురాణకథలు చాలావరకూ అంతే కదా! ఈ కొండ ఇలా ఎందుకుంది, ఈ ఊరికి ఆ పేరేమిటి అని పిల్లలు అడుగుతారు. పెద్దవాళ్ళు ఏదో ఒకటి చెప్పాలి.

కానీ ఏం చెప్పారో చూడండి. పాము పాతాళం నుంచి మణులు తెచ్చి లింగానికి అలంకరించి వెళ్ళేది. ఏనుగు వచ్చి, ‘ఈ రాళ్ళెవరు పోశారిక్కడ?’ అని వాటిని తోసేసి, తొండంతో నీళ్ళు పోసి, మారేడు పత్రీ తామరపూలూ పెట్టేది. మర్నాడు పాముకి ఆ పత్రి చెత్తగా కనిపించేది. 16వ శతాబ్దపు ధూర్జటి ‘శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యం’లో ఈ కథ చెప్పాడు. చివరికి పాము ఏనుగు తొండంలో దూరడం, ఏనుగు ఆ బాధకు తల రాతికి మోదుకోవడం, రెండూ చావడం. అత్తగారు సర్దిన దేవుడి గూడు కోడలు మళ్ళీ సర్దిన ఇంట్లో కాపరం చేసినవాళ్ళకి ఈ కథ వేరే విప్పి చెప్పక్కర్లేదు. ఇద్దరి భక్తికీ లోటు లేదు. అవతలివాళ్ళది కూడా పూజే అని తోచదు, అంతే.

కన్నప్ప కథలోనూ గొడవ ఇదే, కాకపోతే ఇంకా లోతుకు వెళ్తుంది. తేవారం పాటల నాటికే కన్నప్ప పేరు ఉంది. 12వ శతాబ్దంలో శేక్కిళార్ ‘పెరియ పురాణం’లోనూ, 13వ శతాబ్దంలో మన పాల్కురికి సోమనాథుడు ‘బసవపురాణం’లోనూ అతన్ని గురించి చెప్పారు. తిన్నడు వేటగాడు. నోట్లో నీళ్ళు పుక్కిటపట్టి తెచ్చి అభిషేకం చేస్తాడు, జుట్టులో తురుముకొచ్చిన పూలు పెడతాడు, మాంసం కాల్చి రుచి చూసి మరీ వడ్డిస్తాడు. పిల్లాడికి అన్నం పెట్టే తల్లి వేడి చూసి పెట్టదూ? పొద్దున్నే వచ్చిన పూజారి ఆ ఎముకలూ మాంసమూ చూసి లబోదిబోమంటాడు. అంతా కడిగి, శుద్ధి చేసి, మడిగా మళ్ళీ పూజ చేసుకుంటాడు.

శివుడు తిన్నణ్ణి స్నానం చేసి రమ్మనలేదు. పూజారిని పూజ మానమనీ అనలేదు. కలలో కనిపించి, చాటున నుంచుని చూడమన్నాడు. లింగం కంట నెత్తురు కారడం, తిన్నడు తన కన్ను పెరికి అక్కడ పెట్టడం, రెండో కంట కూడా కారితే గుర్తు కోసం చెప్పుకాలు ఆనించి రెండో కన్నుకు బాణం ఎత్తడం, అన్నీ పూజారి చాటునుంచి చూశాడు. నాకు ఈ కథలో ప్రాణం ఆ చాటున నుంచున్న మనిషే. అతను లేకపోతే ఇది తిన్నడి సాహసగాథ మాత్రమే.

తరవాతివాళ్ళకు మాత్రం వేటగాడికి అంత భక్తి ఉండడం ఎక్కడో గుచ్చుకున్నట్టుంది. అతను పూర్వజన్మలో అర్జునుడని కలిపారు. నాకీ అతుకు నచ్చదు. అర్జునుడైతే తప్ప కన్నివ్వలేడా ఏం? సినిమావాళ్ళు కూడా 1954లో రాజ్‌కుమార్‌తో, 1976లో బాపు దర్శకత్వంలో కృష్ణంరాజుతో, మళ్ళీ 2025లో ఈ కథ తీశారు. ఎవరి కాలానికి తగ్గట్టు వాళ్ళు.

ఊరు మాత్రం పాత వరసే పాటిస్తోంది. మహాశివరాత్రి బ్రహ్మోత్సవాల్లో మొదటి ధ్వజారోహణం కన్నప్ప కొండమీద, కన్నప్పకే. స్వామివారిది ఆ తరవాత. కొండ దిగి గుళ్ళోకి వస్తే, మూలలింగాన్ని అర్చకులు సైతం చేత్తో తాకరు. తిన్నడు చెప్పుకాలు ఆనించింది ఆ లింగానికే.