అడగందే అమ్మయినా పెట్టదు

మా చిన్నాడపడుచు వెస్ట్ మారేడుపల్లిలో పొడులు చేసి అమ్ముతుంది. కందిపొడి, కరివేపాకు పొడి, నల్లకారం. ఇద్దరు మనుషుల్ని పెట్టుకుని, గ్రైండరు కొనుక్కుని, పద్ధతిగానే నడుపుకొస్తోంది. ఆమధ్య ఓ ఆదివారం వాళ్ళింటికి వెడితే మొహం వేలాడేసుకుని కూర్చుంది.

"ఏమే, పప్పు మాడిందా?" అన్నాను నవ్వుతూ.

"పప్పు మాడితే ఇంకో కిలో వేయించుకుంటాను వదినా. మాడింది డబ్బు" అంది.

సంగతేమిటంటే, ఊళ్ళో ఓ పెద్ద దుకాణం వాళ్ళు ఆర్నెల్లుగా సరుకు తీసుకుంటున్నారు. బాకీ 84,000 రూపాయలకు చేరింది. ఫోను చేస్తే బిల్లు పై ఆఫీసుకి వెళ్ళిందంటారు. ఆ పై ఆఫీసు ఏ అంతస్తులో ఉందో ఎవరూ చెప్పరు.

"గట్టిగా అడగలేకపోయావా?"

"అడిగితే ఆర్డరు పోతుంది వదినా."

ఇంటికొచ్చినా ఆ మాట నన్ను వదల్లేదు. పాత పుస్తకాలు తిరగేసే పిచ్చి నాకు ఎప్పటినుంచో ఉంది. 'చిన్న వ్యాపారస్తుడు పెద్దవాణ్ణి అడగడం' అనే విద్య మన ఊళ్ళో ఎప్పుడు మొదలైందో చూద్దామని కూర్చున్నాను.

అసలు మన సికింద్రాబాదు పుట్టిందే సరఫరా మీద. 1806లో నిజాం సికిందర్ జా పేరు పెట్టుకున్న ఈ ఊరు హుస్సేన్ సాగర్‌కి ఉత్తరాన ఇంగ్లీషు సైన్యం దిగిన విడిది. దండు ఉన్నచోట బజారు ఉండాలి కదా! బట్టలు, పప్పులు, గుర్రాలకి దాణా అమ్మేవాళ్ళు వచ్చి చేరారు. కొనేవాడు పెద్ద, అమ్మేవాడు చిన్న. ఊరి పుట్టుకలోనే ఉంది ఆ లెక్క.

పెద్ద వర్తకులు త్వరగానే తెలివి తెచ్చుకున్నారు. ఒక్కడు వెళ్ళి సర్కారుని అడిగితే వినరు, సంఘంగా వెడితే కుర్చీ వేస్తారని గ్రహించారు. 1917లో హైదరాబాదు సంస్థానంలో వాణిజ్య మండలి పెట్టుకున్నారు. ఇప్పుడు రెడ్ హిల్స్‌లో ఉన్న తెలంగాణ వాణిజ్య పారిశ్రామిక మండళ్ళ సమాఖ్య దాని వారసురాలే. 1929లో నిజాం సర్కారు పారిశ్రామిక నిధి ఒకటి ఏర్పాటు చేసింది. దాని అండతో బోధన్ పంచదార ఫ్యాక్టరీలాంటి పెద్ద పెద్దవి లేచాయి.

చిన్నవాళ్ళ తలుపు ఎవరైనా తట్టింది స్వాతంత్ర్యం వచ్చాకే. 1954లో చిన్న పరిశ్రమల కోసం ఢిల్లీలో ప్రత్యేక శాఖ పెట్టారు. మన రాష్ట్రం ఏర్పడిన 1956లోనే అప్పులివ్వడానికి రాష్ట్ర ఫైనాన్షియల్ కార్పొరేషన్ వచ్చింది. 1962లో చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థని ఢిల్లీ నుంచి హైదరాబాదుకి తరలించారు. యూసుఫ్‌గూడ వెళ్ళేవాళ్ళు దాని బోర్డు చూసే ఉంటారు. పేరు మారింది గానీ సంస్థ అదే.

ఆ సంస్థలో ఓ సరదా ప్రయోగం జరిగింది. అమెరికా నుంచి మెక్లెలాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వచ్చి, 1964లో కాకినాడ వ్యాపారస్తుల్ని కొందర్ని హైదరాబాదు రప్పించి శిక్షణ ఇప్పించాడు. అప్పివ్వలేదు, యంత్రాలివ్వలేదు. ఆటలాడించి, కథలు రాయించి, 'నేను సాధించగలను' అనే పట్టుదల నేర్పారు. పోల్చి చూడ్డానికి రాజమండ్రిని శిక్షణ ఇవ్వకుండా అట్టే ఉంచారు. రెండేళ్ళు పోయాక చూస్తే, శిక్షణ పొందినవాళ్ళు మిగిలినవాళ్ళకన్నా ఎక్కువ కొత్త పనులు మొదలుపెట్టారు, ఎక్కువమందికి పని ఇచ్చారు. పాత ఆచారాలు పాటించడం వాళ్ళకేమీ అడ్డు రాలేదట. మా అత్తగారు బతికుంటే ఈ ముక్క చదివి వినిపించేదాన్ని!

చదివి సంతోషించాను గానీ, నాకో సందేహం మిగిలిపోయింది. మా ఆడపడుచుకి పట్టుదల లేకనా? తెల్లవారుజామున నాలుగింటికి లేచి మిరపకాయలు వేయించే మనిషికి పట్టుదల ఎవరు నేర్పాలి? లేనిదల్లా వెనక నలుగురు.

ఆవకాయ కథ కూడా అలాంటిదే. 1967 నుంచి కొన్ని సరుకుల తయారీని చిన్న పరిశ్రమలకే ప్రత్యేకించే జాబితా ఒకటి ఉండేది. 47 సరుకులతో మొదలై ఎనిమిది వందలు దాటింది. పచ్చళ్ళు, అగరొత్తులు, గాజులు, కొవ్వొత్తులు అన్నీ అందులోవే. తర్వాత విడతలు విడతలుగా తీసేస్తూ వచ్చారు. చివరిదాకా మిగిలిన 20 సరుకుల్ని 2015 ఏప్రిల్‌లో తీసేశారు. ఆ ఇరవైలో పచ్చళ్ళూ ఉన్నాయి! ఇక ఎంత పెద్ద కంపెనీ అయినా ఊరగాయ పెట్టవచ్చు. కంచె పోయింది. మరి కాపలా ఏది?

ఆడవాళ్ళు సంఘంగా అడగడం నేర్చింది 1993లో. కె. రమాదేవిగారు మహిళా పారిశ్రామికవేత్తల్ని కూడగట్టి 'అలీప్' అనే సంఘం పెట్టారు. ప్రభుత్వం దగ్గర స్థలం సంపాదించి, గాజులరామారంలో ఆడవాళ్ళ కోసమే పారిశ్రామికవాడ కట్టించారు. పెద్ద వర్తకులు 1917లో చేసిన పని మనవాళ్ళు 1993లో చేశారన్నమాట. 76 ఏళ్ళు ఆలస్యం. వడ్డనలో మన వంతు ఆఖరున రావడం మనకి అలవాటేగా!

అదే సంవత్సరం చిన్న పరిశ్రమలకి బాకీ ఆలస్యం చేస్తే వడ్డీ కట్టాలని కేంద్రం చట్టం తెచ్చింది. దానికి బదులుగా 2006లో ఇంకా గట్టి చట్టం వచ్చింది. మా ఆడపడుచుకి పనికొచ్చేది ఇదే. సరుకు అందాక, రాతపూర్వకంగా ఎంత గడువు రాసుకున్నా 45 రోజులు దాటకూడదు. ఏమీ రాసుకోకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. బ్యాంకు రేటు ఆరు శాతం ఉందనుకోండి, పద్ధెనిమిది శాతం పడుతుంది. ఇవ్వకపోతే రాష్ట్రంలో ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉంది. తీర్పు మీద కొన్నవాడు కోర్టుకి వెళ్ళాలంటే ముందు 75 శాతం డబ్బు కట్టాలి. 2023 ఆర్థిక చట్టం ఇంకో మెలిక పెట్టింది. గడువులోగా చెల్లించని బాకీని కొన్నవాళ్ళు ఆ ఏటి ఖర్చుగా చూపించి ఆదాయప్పన్ను తగ్గించుకోవడానికి వీల్లేదు.

అయితే ఇదంతా ముందుగా 'ఉద్యమ్'లో పేరు నమోదైన తయారీదారులకీ, సేవలందించేవారికీను. కొని అమ్మే దుకాణదారులకి ఈ బాకీ రక్షణ లేదు. నమోదుకి రూపాయి ఖర్చు లేదు, ఆధార్‌తో పాటు పాన్ ఉండాలి.

పరుగున ఫోను చేశాను. "ఉద్యమ్ కాగితం ఉందటే నీకు?"

"ఏదో ఉండాలి వదినా, బ్యాంకు అప్పప్పుడు తీసుకున్నా. బీరువాలో పట్టుచీరల కింద పెట్టినట్టున్నాను."

ధర్మవరం చీర కింద చట్టం హాయిగా నిద్రపోతోందన్నమాట!

ఇద్దరం కూచుని మర్యాదగానే ఉత్తరం రాశాం. బిల్లుల తేదీలు, ఉద్యమ్ నంబరు, 45 రోజుల నియమం. బెదిరింపు మాట ఒక్కటీ లేదు. మూడు వారాల్లో అసలు మొత్తం వచ్చింది. వడ్డీ సంగతి మేమూ ఎత్తలేదు.

కథ ఇక్కడ ఆపేస్తే బాగుండును. కానీ తర్వాతి నెల ఆర్డరు రాలేదు. ఆ పై నెలా రాలేదు. దాని భయం ఉత్త భయం కాదు. చట్టం డబ్బు ఇప్పిస్తుంది గానీ స్నేహం ఇప్పించలేదు.

నాకు తప్పు చేసినట్టనిపించి, "నా మాట విని నష్టపోయావే" అన్నాను.

"నష్టమేం లేదు వదినా. డబ్బివ్వని ఆర్డరు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే" అంది. ఇప్పుడది చుట్టుపక్కల వడియాలు, జంతికలు, స్వీట్లు చేసే నలుగురు ఆడవాళ్ళని పోగుచేస్తోంది. ఇక మీద ఏ దుకాణానికైనా అందరిదీ ఒకటే షరతు. సరుకు అందిన నెలలోపు డబ్బు, రాతలో. ఒక్కర్ని మానిపించడం సులువు. ఐదుగుర్నీ మానిపిస్తే పండగలకి అరలు ఖాళీగా ఉంటాయి.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. నిజమే. ఒక్కతే అడిగితే అమ్మ కూడా 'ఉండవే' అంటుంది. పిల్లలంతా కంచాలు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడితే, ఏ అమ్మయినా వడ్డించక ఏం చేస్తుంది?

అన్నట్టు, మీ ఇంట్లో ఎవరైనా పొడులో పచ్చళ్ళో చేసి అమ్ముతుంటే, ఓసారి పట్టుచీరల కింద వెతకమనండి.