చెక్క విమానం, ప్లాస్టిక్ నమూనా

లా-7 నమూనా కట్టేటప్పుడు రెక్కల మీద వెండిరంగు చిలకరించకూడదు. రంగు పెచ్చులూడి కింద అల్యూమినియం మెరుస్తున్నట్టు చూపించడం విమాన నమూనాలు చేసేవాళ్లకు మహా ఇష్టమైన పని. అమెరికన్ల మస్టాంగ్‌కి అది చక్కగా అతుకుతుంది. రెండో ప్రపంచయుద్ధంలో సోవియట్ వైమానిక దళం నడిపిన లా-7 లాంటి లావోచ్కిన్ ఫైటర్లకు మాత్రం అతకదు. వాటి రంగు కింద ఉన్నది ప్లైవుడ్. ఇంజను కవర్ల దగ్గర, ఫ్లాపుల దగ్గర లోహం ఉంటుంది. రడ్డర్‌కి, ఎలివేటర్లకు, ఎయిలరాన్లకు బట్ట కప్పుతారు. మిగతా ఒళ్లంతా చెక్కే. కాబట్టి వరసలు వరసలుగా రివెట్లూ ఉండవు, రేకుల అతుకుల గీతలూ ఉండవు. ఈ ఒక్క సంగతి పట్టుబడితే సగం నమూనా సరిగ్గా వచ్చినట్టే.

అసలు చెక్క ఎందుకు? అల్యూమినియం చాలదన్న భయం యుద్ధానికి ముందు నుంచే ఉంది. లావోచ్కిన్, గోర్బునోవ్, గుద్‌కోవ్ అనే ముగ్గురు ఇంజినీర్లు బిర్చ్ చెట్టు పొరలను రెసిన్‌లో నానబెట్టి, ఒత్తిడి పెట్టి అతికించిన ‘డెల్టా చెక్క’ను నమ్ముకున్నారు. వాళ్ల తొలి విమానం 1940 మార్చిలో ఎగిరింది. ముదురు చెర్రీ రంగు వార్నిష్‌తో అద్దంలా మెరిసే దాన్ని చూసి జనం ‘పియానో’ అని పేరు పెట్టారు. మరుసటి ఏడాది జర్మన్లు దండెత్తి వచ్చారు. జపరోజియా అల్యూమినియం కర్మాగారాన్ని ఉన్నచోటి నుంచి ఊడబెరికి తూర్పుకి తరలించాల్సి వచ్చింది. భయపడినంతా జరిగింది. చెక్క విమానమే దిక్కయింది.

అయితే ఆ పియానో కాస్తా ఫ్యాక్టరీ నుంచి లాగ్-3గా బయటికొచ్చేసరికి బరువెక్కింది. ఆ బరువుకు దాని ఇంజను చాలలేదు. పేరులోని అక్షరాలను రష్యన్‌లో విడగొట్టి, ‘వార్నిష్ పూసిన గ్యారంటీ శవపేటిక’ అన్న చేదు మాట కూడా పుట్టించారు. విమానం తయారీ ఆగిపోయే పరిస్థితి వచ్చాక లావోచ్కిన్ ఒక సాహసం చేశాడు. సన్నటి ముక్కులో నీటితో చల్లబడే ఇంజను పీకేసి, ష్వెత్సోవ్ తయారుచేసిన లావాటి గుండ్రటి ఎం-82 పెట్టాడు. పద్నాలుగు సిలిండర్లు, గాలితో చల్లబడుతుంది. ఇంజనేమో వెడల్పు, వెనక ఒళ్లేమో సన్నం. ఆ తేడా పూడ్చడానికి పక్కల ప్లైవుడ్ తొడుగులు అతికించారు. 1942 మార్చిలో ఎగిరిన ఈ విమానమే లా-5. ఆ శరదృతువుకల్లా స్టాలిన్‌గ్రాడ్ ఆకాశంలో ఉంది. ఆ పక్క తొడుగుల్లో నాకు ఆ దేశం పడిన తొందర కనిపిస్తుంది. కొత్త ఒళ్లు గీసుకునే తీరిక లేక ఉన్నదాన్నే సరిచేసుకున్నారు.

1944లో లా-7 వచ్చింది. రెక్కల్లో చెక్క దూలాల బదులు లోహపు దూలాలు పెట్టి బరువు తగ్గించారు. నమూనా కట్టేవాళ్లు దీన్ని లా-5లో తర్వాతి రకమైన లా-5ఎఫ్ఎన్ నుంచి రెండు గుర్తులతో విడదీస్తారు. లా-5ఎఫ్ఎన్ ముక్కు మీద పొడుగ్గా గాలిగొట్టం ఉంటుంది. లా-7కి ముక్కు నున్నగా ఉండి, గాలి రెక్కల మొదట్లోంచి లోపలికి వెళ్తుంది. ఆయిల్ కూలర్ కూడా ముక్కు కింది నుంచి కాక్‌పిట్ వెనకవైపు పొట్ట కిందికి మారింది.

ఇక నమూనా సంగతి. విమానాన్ని డెబ్బై రెండో వంతుకి కుదించే పద్ధతి 1930లలో బ్రిటన్‌లో స్థిరపడింది. ఆరడుగుల మనిషి ఒక్క అంగుళం అవుతాడు, లెక్క తేలిక. మొదట చెక్క కిట్లు వచ్చాయి. 1936లో ఫ్రాగ్ కంపెనీ సెల్యులోజ్ ఎసిటేట్ ప్లాస్టిక్‌తో కిట్లు తెచ్చి, ఎగరని పక్షి కదా అని వాటికి ‘పెంగ్విన్’ పేరు పెట్టింది. యుద్ధం రాగానే ఈ బొమ్మలకు నిజమైన పని పడింది. 1942 మొదట్లో అమెరికా నౌకాదళం బడిపిల్లలను ఐదు లక్షల నమూనాలు చెక్కి ఇమ్మని అడిగింది. ఈ కొలత నమూనాను 35 అడుగుల దూరంలో పెడితే అసలు విమానం దాదాపు అర మైలు దూరంలో ఉన్నట్టే కనిపిస్తుంది. వస్తున్నది మనవాళ్ల విమానమో శత్రువుదో ఆకారం చూసి చెప్పడం ఫిరంగి దగ్గర నిలబడ్డవాళ్లు దాంతో నేర్చుకున్నారు.

యుద్ధం తర్వాత పాలిస్టైరిన్ వచ్చింది, ఎయిర్‌ఫిక్స్ వచ్చింది, కిట్లు పిల్లల చేతికి అందాయి. 1970లలో ఫ్రాగ్ మూతబడినప్పుడు దాని అచ్చులు ఓడలెక్కి సోవియట్ యూనియన్‌కే వెళ్లాయి. ‘నోవో’ పేరుతో అక్కడ మళ్లీ పోత పోశారు. జర్మన్, జపాన్ విమానాల అచ్చులను మాత్రం సోవియట్లు తీసుకోలేదు. ఇంటికొకరిని పోగొట్టుకున్న దేశం, తన పిల్లల చేతికి మెసర్‌స్మిట్ బొమ్మ ఎందుకిస్తుంది? అవి రెవెల్ కంపెనీకి పోయాయి. 1990లో మాస్కో దగ్గర లోబ్‌న్యాలో జ్వెజ్దా కంపెనీ మొదలైంది. అది లా-5ని, చెక్ కంపెనీ ఎడువార్డ్ లా-7ని నలభై ఎనిమిదో వంతు కొలతలో తెచ్చాయి. 9.8 మీటర్ల రెక్కల వెడల్పు ఆ కొలతలో ఇరవై సెంటీమీటర్ల చిల్లర.

కట్టడం కాక్‌పిట్‌తో మొదలవుతుంది. లోపల బూడిదరంగు, సీటు బెల్టులు, గడియారపు ముళ్లు అన్నీ అయ్యాకే ఒంటి రెండు సగాలను మూయాలి. అతుకు మీద పుట్టీ పెట్టి, ఎమరీ పేపర్ తడిపి రుద్దాలి. రేకు విమానానికి రుద్దుడులో చెరిగిన గీతలను మళ్లీ గీసుకోవాలి. ఇక్కడ ఆ బాధ లేదు. కాకపోతే అతుకు ఆనవాలు వెంట్రుకంత కూడా మిగలకూడదు, ఎందుకంటే అసలు విమానాన్నీ బట్ట అతికించి, నున్నగా రుద్దే రంగు వేశారు. వేలిగోరుతో తడిమి చూస్తే తప్ప తెలియని మెట్టు కూడా ప్రైమర్ పడగానే బయటపడుతుంది.

రంగుల దగ్గర తగాదాలు పుడతాయి. యుద్ధం మొదట్లో పైన ఆకుపచ్చ, నలుపు. కింద లేత నీలం. 1943 నుంచి ఫైటర్లకు పైన రెండు రకాల బూడిదరంగులు వేయమన్నారు. లేతదాని పేరు ఏఎంటీ-11, ముదురుదాని పేరు ఏఎంటీ-12. ఏఎంటీ-11లో నీలం పాలు ఎంత అన్నదానిమీద ఇప్పటికీ వాదనలే. నలుపు తెలుపు ఫొటో ఆ తీర్పు చెప్పలేదు. మాస్కో దగ్గర మోనినో మ్యూజియంలో సోవియట్ ఫైటర్ పైలట్ ఇవాన్ కోజెదుబ్ నడిపిన అసలు లా-7, 27వ నంబరుది, ఉంది. ఆకారానికి, కొలతలకు అంతకు మించిన సాక్ష్యం లేదు. రంగుకి మాత్రం దాన్ని నమ్మను, తర్వాత మళ్లీ రంగు వేశారు కాబట్టి.

కోజెదుబ్ 62 విమానాలు కూల్చాడు. మిత్రపక్షాల పైలట్లలో అంతకన్నా ఎక్కువ ఎవరికీ లేవు. అందుకే అందరూ 27నే కడతారు. నన్నడిగితే 1944లో అతను నడిపిన లా-5ఎఫ్ఎన్, 14వ నంబరుది, కట్టమంటాను. దాన్ని వసీలీ విక్తరోవిచ్ కోనెవ్ అనే సామూహిక వ్యవసాయ క్షేత్రపు రైతు, తేనెటీగలు పెంచేవాడు, తన సొమ్ముతో కొనిచ్చాడు. విమానానికి ఒక పక్క ఆ రైతు పేరు, ఇది ఆయన ఇచ్చిందని. రెండో పక్క అదే ఇంటిపేరున్న యుద్ధవీరుడు లెఫ్టినెంట్ కల్నల్ కోనెవ్ పేరు, ఇది ఆ వీరుడి పేరిట అని. రెండు పక్కల రాతలూ వేరు. డెకాల్‌ను నీళ్లలో వేసి కాగితం మీద నుంచి జార్చే ముందు ఏది ఎటు పక్కదో సరిచూసుకోవాలి. అక్షరాలు పొడుగు వరసలో ఉంటాయి, మధ్యలో ముడత పడితే ఆ రైతు పేరు చదవడానికి రాదు. బ్రష్‌తో మెత్తబరిచే ద్రావకం పూసి, ఆరేదాకా చెయ్యి పెట్టకుండా వదిలేయాలి.