ఆటోక్రాస్ కొరకు పాత కారు సస్పెన్షన్, స్టీరింగ్ అమరిక

ఆటోక్రాస్ అనునది వాహనములను ఒక్కొక్కటిగా పరుగెత్తించి, కాలమును కొలిచి విజేతను నిర్ణయించు మోటారు క్రీడ. అమెరికాలో ఇది తారు లేదా కాంక్రీటు మైదానముపై శంకువుల నడుమ జరుగును. భారతదేశములో సాధారణముగా మట్టి మార్గముపై జరుగును. ఇందులో గరిష్ఠ వేగము కన్న మలుపులలో పట్టు ముఖ్యము. కావున ఇంజను శక్తి తక్కువైన పాత కారు సైతము సరియైన అమరికతో పాల్గొనగలదు.

== నేల స్వభావము ==
తెలంగాణలోని వికారాబాద్, తాండూరు పరిసరములు ఈ విషయమున మంచి ఉదాహరణ. వికారాబాద్ సమీపమున అనంతగిరి గుట్టల చుట్టును ఎర్రనేల, మొరము కలవు. ఎండిన మొరముపై గులకరాళ్ళు టైరు క్రింద దొర్లి పట్టు తగ్గించును. తాండూరు వైపు నల్లరేగడి ఎక్కువ. ఇది వేసవిలో గట్టిపడి బీటలు వారును, వానలో టైరు గాళ్ళను పూడ్చివేయును. రెండు నేలలపైనను కారును మరీ క్రిందికి దించరాదు. దించినచో సస్పెన్షన్ కదలిక చాలక చక్రము నేల విడుచును.

== పాత కార్ల నిర్మాణము ==
* '''మారుతి 800''': 1983లో విడుదలై 2014 వరకు తయారైనది. ముందు మెక్‌ఫెర్సన్ స్ట్రట్లు, ర్యాక్-పినియన్ స్టీరింగ్ కలవు. తొలి నమూనాలో వెనుక కమాను పట్టీలు ఉండగా, 1986 నాటి నమూనాలో కాయిల్ స్ప్రింగులు వచ్చినవి.
* '''అంబాసిడర్''': ముందు టార్షన్ బార్లు, వెనుక కమాను పట్టీలు, ర్యాక్-పినియన్ స్టీరింగ్ కలవు. ఉత్పత్తి 2014లో నిలిచిపోయినది.
* '''ప్రీమియర్ పద్మిని''': ముందు కాయిల్ స్ప్రింగులు, వెనుక కమాను పట్టీలు, స్టీరింగ్ బాక్సు కలవు.

== బరువు బదిలీ ==
మలుపులో లోపలి చక్రములపై గల బరువులో కొంత బయటి చక్రములపైకి మారును. చోదకునితో కలిపి 720 కిలోల కారునకు గరిమనాభి ఎత్తు అర మీటరు, చక్రముల మధ్య వెడల్పు 1.2 మీటర్లు, మలుపు త్వరణము గురుత్వ త్వరణములో 0.6 వంతు అనుకొన్నచో సుమారు 180 కిలోల బరువు బదిలీ అగును. గట్టి స్ప్రింగులు వేసినంత మాత్రమున ఈ మొత్తము తగ్గదు. ముందు, వెనుక చక్రములు దానిని పంచుకొను నిష్పత్తి మాత్రమే మారును. ముందు చక్రములతో నడుచు కార్లు మలుపులో బయటకు జారును. వెనుక భాగమును కొంత గట్టిపరచుటతో ఈ గుణము తగ్గును.

== పని క్రమము ==
# '''అరుగుదల పరీక్ష''': ముందుగా బుష్‌లు, బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు, చక్రపు బేరింగులు చూడవలెను. వీటిలో ఆట ఉన్నచో తరువాతి కొలతలన్నియు వ్యర్థము, ఏలనన కారు కదలగానే అవి మారిపోవును.
# '''ఎత్తు''': షాక్ అబ్జార్బర్లు, స్ప్రింగులు సరిచేసిన పిమ్మట కారును కొంచెము నడిపి, నాలుగు మూలల ఎత్తు కొలువవలెను.
# '''కేంబర్, కాస్టర్''': కేంబర్ అనగా ముందు నుండి చూచినపుడు చక్రపు వాలు. కాస్టర్ అనగా ప్రక్క నుండి చూచినపుడు స్టీరింగ్ ఇరుసు వాలు. కాస్టర్ పెరిగినచో స్టీరింగ్ తనంతట తాను నడిమికి వచ్చును గాని త్రిప్పుటకు బరువగును.
# '''టో''': పై నుండి చూచినపుడు చక్రముల ముందు అంచుల దూరమునకు, వెనుక అంచుల దూరమునకు గల భేదము. ఎత్తు గాని కేంబర్ గాని మారిన టో కూడ మారును. అందువలన దీనిని చివర సరిచేయవలెను.
# '''టైరు గాలి''': రెండేసి పౌండ్లు మార్చుచు, ఒకసారి ఒక్క మార్పు మాత్రమే చేసి ఫలితము వ్రాసికొనవలెను.

== టో కొలుచు విధానము ==
దీనికి సమతలమైన నేల కావలెను. తాండూరు బండలు పరచిన షెడ్డు అనుకూలము. అయినను నీటి గొట్టముతో నాలుగు చక్రముల చోట్ల మట్టము చూచుకొనవలెను. కారునకు ఇరువైపుల సమాన దూరమున దారము కట్టి, రిమ్ము ముందు, వెనుక అంచుల నుండి దారమునకు గల దూరము కొలుతురు. 12 అంగుళాల రిమ్ముపై 2 మి.మీ. భేదము సుమారు 0.38 డిగ్రీలకు సమానము. మలుపులలో చురుకుదనమునకు ముందు చక్రములను 1 లేక 2 మి.మీ. బయటకు తెరచుట కలదు. దీనివలన తిన్నని రోడ్డుపై కారు నిలకడ తగ్గి, టైర్లు త్వరగా అరుగును. ఇంటికి అదే కారులో మరలువారు టోను తిరిగి కంపెనీ కొలతకు తేవలెను.

== పొరపాట్లు, ప్రమాదములు ==
కారును దించుటకు స్ప్రింగు చుట్లు కోయుట కొన్నిచోట్ల జరుగుచున్నది. పనిచేయు 6 చుట్లలో ఒకటి కోసినచో స్ప్రింగు 20 శాతము గట్టిపడును. అంతేగాక, చక్రము పూర్తిగా వ్రేలాడినపుడు పొట్టి స్ప్రింగు తన గిన్నె నుండి తప్పుకొనవచ్చును. గ్యాసు మంటతో కాల్చినచో ఉక్కు పదును పోవును. స్ట్రట్లు గల కారును అతిగా దించిన టై రాడ్ల కోణము మారి, గుంతలో పడిన ప్రతిసారి చక్రము తనంతట తాను తిరుగును.

== చట్టము ==
బహిరంగ స్థలములలో రాష్ట్ర ప్రభుత్వ లిఖిత అనుమతి లేని పందెములు 1988 మోటారు వాహనాల చట్టము 189వ సెక్షను ప్రకారము నేరము. 2019 సవరణతో తొలి నేరమునకు మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండును విధింపవచ్చును. కనుక అనంతగిరి ఘాట్ రోడ్డు వంటి బహిరంగ మార్గములు ఇటువంటి సాధనకు తగవు. రాళ్ళ లారీలు, బస్సులు తిరుగు తాండూరు రోడ్డు కూడ అట్టిదే. దేశములో మోటారు క్రీడలను భారత మోటారు క్రీడా క్లబ్బుల సమాఖ్య పర్యవేక్షించును.

== ఇవి కూడా చూడండి ==
* మారుతి 800
* అనంతగిరి
* తాండూరు