రాంచీలో తొమ్మిది భాషల శాఖ

యూనివర్సిటీ ఆఫీసులో గుమస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరైనవాణ్ణి. ఫలానా మహానుభావుడు ఫలానా శాఖ స్థాపించాడని ఎక్కడ చదివినా, పోస్టులు ఎవరు మంజూరు చేశారా అని వెతుక్కోవడం నాకు అలవాటు. రాందయాళ్ ముండా గారి కథలోనూ నా చూపు అక్కడే పడింది.

ఆయన 1939లో రాంచీ జిల్లా తమాడ్ దగ్గర దియుడీ అనే ఆదివాసీ పల్లెలో పుట్టారు. రాంచీలో ఆంత్రోపాలజీ ఎమ్మే, షికాగోలో భాషాశాస్త్రంలో డాక్టరేట్, ఆపైన మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో అధ్యాపకత్వం. 1980ల మొదట్లో అమెరికా కొలువు వదిలి రాంచీ విశ్వవిద్యాలయానికి వచ్చేశారు. ఇక్కడిదాకా అందరూ రాస్తారు. రమ్మని పిలిచిందెవరో మాత్రం ఒక్క వాక్యంలో తేల్చేస్తారు.

పిలిచింది కుమార్ సురేశ్ సింగ్ అనే ఐఏఎస్ అధికారి. 1966-67 కరవు నాడు పలామూ జిల్లా డిప్యూటీ కమిషనర్‌గా ఉన్నవాడు. బిర్సా ముండా ఉద్యమ చరిత్ర రాసినవాడు. తర్వాత ఛోటానాగ్‌పూర్ కమిషనరయ్యాడు. రాంచీ విశ్వవిద్యాలయంలో గిరిజన, ప్రాంతీయ భాషల శాఖ ఆయన పూనికతో రూపు కట్టింది; ముండా గారిని పిలిచింది దానికోసమే. అందులో సంతాలీ, ముండారీ, హో, ఖడియా, కుడుఖ్ ఆదివాసీల భాషలు. వాటి పక్కన నాగ్‌పురీ, కుర్మాలీ, ఖోర్ఠా, పంచ్‌పర్గనియా. వీటిలో కుడుఖ్ మన తెలుగుకు చుట్టమే, ద్రావిడ భాష.

తొమ్మిది భాషలకూ కలిపి ఒకే శాఖ! ఆఫీసు మనిషికి వింటేనే గుండె గుభేలుమంటుంది. ప్రశ్నపత్రాలు ఎవరు కూర్చాలి, బయటి ఎగ్జామినర్‌ని ఎక్కణ్ణుంచి రప్పించాలి? సంతాలీకి రఘునాథ్ ముర్ము ఓల్ చికీ లిపి చేసిపెట్టారు, హో భాషకు లాకో బోద్రా వారంగ్ చితి చేశారు. మరి ఆ అక్షరాలు ప్రెస్సులో ఉండొద్దూ? పీజీ పాఠం చెప్పాలంటే ఆ సబ్జెక్టులో పీజీ ఉండాలంటారు. సబ్జెక్టే ఇప్పుడిప్పుడు పుడుతుంటే డిగ్రీ ఉన్నవాడు ఎక్కడ దొరుకుతాడు? ఇలాంటి ఫైలు మీద సెక్షన్‌లో ఒక్క కొర్రీ వేస్తే చాలు, ఏడాది కదలదు. అందుకే ఈ శాఖ పుట్టుకలో, భాషాశాస్త్రం ఎరిగిన ఆదివాసీ పండితుడికి ఎంత పాలుందో, ఫైళ్ల దారులు ఎరిగిన అధికారికీ అంతే ఉందంటాను. పండితులకు ఈ మాట నచ్చకపోవచ్చు.

సింగ్ గారు తర్వాత ఆంత్రోపలాజికల్ సర్వేకి వెళ్లి, 1985లో మొదలైన ‘పీపుల్ ఆఫ్ ఇండియా’ బృహత్తర సర్వేను నడిపారు. ముండా గారు 1980ల రెండో సగంలో రాంచీ విశ్వవిద్యాలయానికే ఉపకులపతి అయ్యారు. సంతకం పెట్టే కుర్చీ ఈసారి ఆదివాసీకే దక్కింది. ఆయన నగారా, వేణువు వాయించేవారు, సర్హుల్ పండగ ఊరేగింపులో అందరితో కలిసి ఆడేవారు. ఉపకులపతి నాట్యమాడటం మా ఆఫీసులో ఎవరూ ఊహించను కూడా లేరు. 2000లో ఝార్ఖండ్ ఏర్పడేదాకా సాగిన ఉద్యమానికి ఆలోచన అందించినవారిలో ఆయన ముఖ్యులు. 2010లో పద్మశ్రీ, రాజ్యసభ సభ్యత్వం వచ్చాయి. మరుసటేడే పోయారు.

ఇప్పుడు మన దగ్గరా అలాంటి ప్రశ్నే వచ్చింది. తెలంగాణలోని ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి 2023లో పార్లమెంటు చట్టం చేసింది. కోయ భాషకు అక్కడ ప్రొఫెసర్ ఎవరవుతారోనని మిత్రులు చర్చించుకుంటున్నారు. ఆ ప్రొఫెసర్ కింద సూపరింటెండెంటుగా కోయ వచ్చినవాణ్ణే వేయమని నా సలహా.