చలికాలం, మన నూనె, ట్రాక్టర్ ఫిల్టరు

మొన్న ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, పత్తి గింజల నూనెతో ఇంట్లో బయోడీజిల్ చేసి ట్రాక్టర్‌లో పోస్తే చలికి ఆగిపోద్దంట, నిజమేనా?" కొంత నిజమే. కానీ మన అమరావతి వైపు అంత భయం అక్కర్లేదు. ఎందుకో తెలియాలంటే పాత కథ చెప్పాలి.

1900లో పారిస్ ఎగ్జిబిషన్‌లో ఒట్టో కంపెనీ వాళ్ళు ఒక చిన్న డీజిల్ ఇంజన్ని వేరుశనగ నూనెతో నడిపారు. తమ ఆఫ్రికా వలసల్లో వేరుశనగ దండిగా పండుతుంది కాబట్టి ఈ ప్రయోగం ఫ్రెంచి ప్రభుత్వానిదే. ఇంజన్ ఎంత మామూలుగా నడిచిందంటే, లోపల ఉన్నది వేరుశనగ నూనెని చాలామందికి తెలియనే లేదంట. 1912లో డీజిల్ దొరే స్వయంగా ఈ సంగతి చెప్పాడు.

అయితే పచ్చి నూనె చిక్కన. 1937లో బ్రస్సెల్స్ యూనివర్సిటీలో షావన్ అనే ఆయన నూనెని ఆల్కహాల్‌తో కలిపి పలచన చేసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. మరుసటి ఏడు పామాయిల్‌తో అలా చేసిన ఇంధనం పోసి బ్రస్సెల్స్ నుంచి లూవెన్‌కి బస్సు నడిపారు. అది ఎండాకాలం, గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు మనం మిథనాల్, కాస్టిక్ సోడా వేసి చేసేదీ దాదాపు అదే.

ఇక చలి సంగతి. కొబ్బరి నూనె డిసెంబర్లో సీసాలో పేరుకోవడం మనందరం చూసిందే. పత్తి గింజల నూనెలో కూడా పేరుకునే కొవ్వు నాలుగో వంతుకి దగ్గరగా ఉంటుంది. అమెరికాలో పాతకాలపు నూనె మిల్లుల వాళ్ళు దాన్ని చలికాలమంతా ఆరుబయట ట్యాంకుల్లో ఉంచేవాళ్ళు. గట్టిది అడుక్కి దిగాక పైన తేటని వంచుకుని 'వింటర్ ఆయిల్' అని అమ్మేవాళ్ళు. బయోడీజిల్‌గా మార్చినా ఆ కొవ్వు గుణం పోదు. చల్లబడితే మైనంలా గింజకట్టి ఫిల్టర్లో ఇరుక్కుంటుంది.

అలాగని తప్పంతా చలిదే కాదు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం 2005 సెప్టెంబర్ చివర్లో డీజిల్‌లో 2 శాతం బయోడీజిల్ తప్పనిసరి చేసింది. డిసెంబర్ చలికి లారీల ఫిల్టర్లు పూడుకుపోయాయి, చట్టాన్ని కొన్నాళ్ళు ఆపారు. తీరా చూస్తే సరిగ్గా కడగని సరుకు, అందులో గ్లిజరిన్ మిగిలిపోయింది. ఇది చదివాక నాకు నా మొదటి డబ్బా గుర్తొచ్చింది. రెండుసార్లు కడగాల్సింది ఒక్కసారితో సరిపెట్టా. ఫిల్టరు ఖర్చు, దుక్కికి ఒకరోజు ఆలస్యం, ఇంట్లో తిట్లు.

మన దగ్గర సంక్రాంతి తెల్లవారుజామున కూడా 15 డిగ్రీల కిందకి దిగడం తక్కువ. పత్తి గింజల బయోడీజిల్ దానికి తట్టుకుంటుంది. పామాయిల్‌తో చేసింది మాత్రం అక్కడే మబ్బు పట్టడం మొదలెడుతుంది. ఆదిలాబాద్ వైపు అయితే రాత్రుళ్ళు 10 కిందకే దిగుతుంది. అక్కడ పవర్‌గూడ ఆడవాళ్ళు కానుగ నూనె ఆడించారు. పదేళ్ళలో 51 టన్నుల నూనె డీజిల్‌కి బదులవుతుందని లెక్కకట్టి, 2003లో ప్రపంచ బ్యాంకు వాళ్ళకి 645 డాలర్లు కట్టింది.

తమ్ముడూ, చేసిన సరుకుని పారదర్శకమైన సీసాలో పోసి రాత్రికి డాబా మీద పెట్టు. తెల్లారేసరికి తెల్లగా పేరుకుంటే పై తేట వంచుకుని, దానికి మూడింతల డీజిల్ కలుపు. మిథనాల్ దగ్గర బీడీ వెలిగించకు, ఆవిరి పీల్చకు, పిల్లల్ని రానివ్వకు.