విశ్వాసమును విడిచిన దారి

మన దేశమున నిరీశ్వరవాదము క్రొత్తది కాదు. చార్వాకుల మాట అటుంచి, సాంఖ్యులలోను మీమాంసకులలోను సృష్టికర్త అవసరము లేదని వాదించినవారు కలరు. అయితే పండితసభలో ఒక పక్షమును వాదించుట వేరు. ఆచారవంతుల ఇంట పుట్టిన మనిషి తన విశ్వాసమును నిజముగా విడుచుట వేరు. మొదటిదానికి తర్కము చాలును. రెండవదానికి తండ్రి, ఉద్యోగము, ఊరు అన్నియు అడ్డువచ్చును. ఆ రెండవ దారి ఎట్టిదో తెలిసికొనుటకు తెలుగునాట గోరాగారి జీవితము మంచి నిదర్శనము.

గోపరాజు రామచంద్రరావుగారు 1902 నవంబరు 15న గంజాము జిల్లా ఛత్రపురములో ఒక సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబమున జన్మించినారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో వృక్షశాస్త్రము చదివి ఎం.ఏ. పట్టము పొందినారు. తొలినాళ్లలో వారును అందరివలె దేవుని నమ్మినవారే. ఏదో గ్రంథము చదివి ఒక్క రాత్రిలో మారినవారు కారు. దయ్యమున్నదని జనులు భయపడు ఇంటిలో కాపురముండి చూచినారు, ఏమియు జరుగలేదు. గ్రహణవేళ గర్భిణులు వెలుపలికి రాగూడదని పెద్దల కట్టడి. వారి భార్య సరస్వతిగారు గర్భవతిగా నుండియు ఆ కట్టడిని పాటింపలేదు, కీడు కలుగలేదు. ఇట్లు ఒక్కొక్క పరీక్ష ఒక్కొక్క భయమును తొలగించినది. భయములు తొలగిన పిదప, వాటితో పెనవేసికొనియున్న నమ్మకము కూడ సడలినది.

1928లో వారు యజ్ఞోపవీతమును విసర్జించినారు. తండ్రి ఇల్లు విడిచి పొమ్మన్నారు. దంపతులు కట్టుబట్టలతో వెలుపలికి వచ్చినారు. 1933లో నాస్తికభావముల కారణముగా కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలోని ఉద్యోగము పోయినది. పిమ్మట మచిలీపట్నమున అధ్యాపకులై, 1940లో ఆ కొలువును కూడ వదలి, కృష్ణాజిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రమును నెలకొల్పినారు. 1947లో అది విజయవాడ పటమటకు తరలినది.

ఇచ్చట డార్విన్ మహాశయుని స్మరించుట యుక్తము. 1831లో ఓడనెక్కినప్పుడు ఆయన బైబిలును నమ్మిన యువకుడు. అవిశ్వాసము తనలో మిక్కిలి మెల్లగా ప్రవేశించినదని ఆత్మకథలో వ్రాసికొన్నాడు. ఆ ఆత్మకథ 1887లో వెలువడినపుడు, భక్తురాలైన ఆయన భార్య మనస్సు నొచ్చునని కొన్ని భాగములను తొలగించిరి. పూర్తి పాఠము 1958లో గాని లోకమునకు అందలేదు. డార్విన్ మౌనము ఇంటిలోని శాంతిని కాపాడినది. గోరాగారికి ఆ మౌనము అక్కరలేకపోయినది. ఇల్లాలే తోడు నడిచినది.

నమ్మకమును విడిచిన మనిషికి నీతి ఎక్కడనుండి వచ్చునన్నది లోకము అడుగు ప్రశ్న. గోరాగారు దానికి వాదముతో గాక నడవడితో సమాధానమిచ్చినారు. దేవుని విధి అను మాట పోయినచో అంటరానితనము కేవలము మనుష్యులు చేసిన అన్యాయముగా మిగులును. దానిని మాన్పవలసినవారును మనుష్యులే. అందుచేతనే సహపంక్తి భోజనములు, కులాంతర వివాహములు వారి నాస్తికత్వమునకు ఆచారములైనవి.

1944లో సేవాగ్రామమున గాంధీజీ వారితో దీర్ఘముగా సంభాషించినారు. తన ఆస్తికత్వమే సరియైనదనిగాని, గోరా నాస్తికత్వము తప్పనిగాని చెప్పజాలనని మహాత్ముడు అంగీకరించినారు. పెద్దకుమార్తె మనోరమను హరిజన యువకుడైన అర్జునరావునకిచ్చి ఆశ్రమములోనే వివాహము జరుపుటకును సమ్మతించినారు. ప్రమాణవాక్యములలో దేవుని పేరునకు మారుగా సత్యము అను మాటను వాడుటకు ఒప్పుకొనినారు. 1948 జనవరి 30న గాంధీజీ హతులైనారు. అయినను మార్చి 13న సేవాగ్రామములో ఆ వివాహము అనుకొన్నట్లే జరిగినది.

గోరాగారు 1975 జూలై 26న కన్నుమూసినారు. వారి నిర్ణయమును అంగీకరింపనివారు నాడును కలరు, నేడును కలరు. కాని వారు విశ్వాసమును విడిచినది సులభముగా బ్రతుకుటకు కాదు. ఒక నమ్మకమును త్రోసివేసిన ప్రతిసారియు ఒక బాధ్యతను తలకెత్తుకొనినారు. ఒకరు విశ్వాసమును విడిచినారని విన్నప్పుడు, ఏమి విడిచినారని మాత్రమే అడిగి ఊరకొనరాదు. దాని స్థానమున ఏమి చేపట్టినారని కూడ విచారించుట న్యాయము.