ముద్దత్ తీరిన ఇజారా

ఉక్కునగరంలో క్వార్టర్ నౌకరీ ఉన్నన్నాళ్లే, మిల్కియత్ కాదు. రిటైర్మెంట్ దగ్గరపడ్డ మావాళ్లు గాజువాక, కూర్మన్నపాలెం వైపు ఫ్లాట్లు చూస్తూ నన్నడుగుతారు: "భాయ్, లీజు జమీన్ మీద కట్టిందైతే, ముద్దత్ తీరాక పొడిగిస్తారా?"

ఈ పేచీ చాలా పాతది. వఖ్ఫ్ ఇంటిని ఏడాదికి, పొలాన్ని మూడేళ్లకు మించి ఇజారాకు ఇవ్వొద్దని హనఫీ ఫుఖహా అన్నారు. ఏళ్ల తరబడి ఉన్న కిరాయిదారు చివరికి 'ఇది నాదే' అంటాడని వాళ్ల భయం.

ఆ భయం బేకార్ కాదు. 17వ శతాబ్దంలో ఇస్తాంబుల్‌లో మంటలకు వఖ్ఫ్ మకాన్‌లెన్నో బూడిదయ్యాయి. తిరిగి కట్టడానికి ముతవల్లీల దగ్గర పైకం లేదు. అప్పుడు 'ఇజారతైన్' పద్ధతి బాగా పాకింది: ముందు ఒకేసారి పెద్ద మొత్తం, తర్వాత ఏటా నామమాత్రపు కిరాయి. ఆ హక్కు కిరాయిదారు ఔలాద్‌కీ వెళ్లేది. జమీన్ పేరుకు మాత్రం వఖ్ఫ్‌దే. నన్నడిగితే, ఇవాళ్టి లీజు ఫ్లాట్‌కి అది తాత వరస!

మన దగ్గర 1995 వఖ్ఫ్ చట్టం 56వ సెక్షన్ మూడేళ్లు దాటిన లీజు చెల్లదంది. 2013 సవరణ సర్కారు అనుమతితో 30 ఏళ్ల దాకా ఒప్పుకుంది, అదీ వ్యాపారం, తాలీమ్, వైద్యం కోసం. నివాసం ఆ జాబితాలో లేదు.

ఇంగ్లాండ్‌లో 1993 చట్టం ఫ్లాట్‌దారులకు 90 ఏళ్ల పొడిగింపును హక్కుగా ఇచ్చింది. మనకలాంటి చట్టం లేదు. పొడిగింపు షరతు డీడ్‌లో ఉంటే ఉన్నట్టు, లేకుంటే మాలిక్ మర్జీ. అందుకే మావాళ్లను బయానా ఇచ్చేముందే జమీన్ కాగజ్ అడిగి, ఎన్నేళ్లు మిగిలాయో లెక్కపెట్టమంటాను.